ఒక్కటే మునక

మా మోర్మన్ క్రైస్తవ సంఘంలో కుర్రాడు మిషనరీగా బయలుదేరాడంటే చాలు, మీసం వచ్చిందా రాలేదా అని చూడరు, పేరు ముందు ‘ఎల్డర్’ అని తగిలిస్తారు. ఎల్డర్ అంటే పెద్ద. ఘనా సముద్ర తీరాన అనొమాబు ఊళ్ళో చేపల బజారు ఆడవాళ్ళకి ఇంతకంటే కాలక్షేపం ఏం కావాలి. తెల్లచొక్కాలు, టైలు, జేబు మీద నల్లటి పేరుబిళ్ళలు పెట్టుకుని మా కుర్రాళ్ళిద్దరూ అటు వెళ్ళడం ఆలస్యం, “దారివ్వండర్రా, పెద్దలొస్తున్నారు, పాలు తాగే వేళయింది” అని గోల మొదలయ్యేది.

ఆడపిల్లలం కాబట్టి మమ్మల్ని సిస్టర్లంటారు. నేను సిస్టర్ ఎకానెం. మాది నైజీరియాలో కలాబార్. ఘనా వచ్చి ఏడాది దాటింది, వీళ్ళ జొలోఫ్ అన్నం ఇప్పటికీ నా గొంతు దిగదు, ఆ మాట పైకి అనకుండా తినడం కూడా సేవేనని సరిపెట్టుకుంటాను. నాతో జంటగా వేసింది సిస్టర్ థేన్‌ని. అమెరికాలో ఐడహో అనే చోట బంగాళాదుంపల పొలాల్లో పెరిగిన పిల్ల. మోర్మన్ మిషనరీకి జంట లేకుండా అడుగు పడదు. ఒకరికి ఒకరు కనబడనంత దూరం వెళ్ళకూడదు, స్నానాలగది ఒక్కటే మినహాయింపు. సిస్టర్ థేన్ పళ్ళు తోముకుంటూ కూడా కీర్తనలు కూనిరాగం తీస్తుంది. మొదట్లో ఆ బ్రష్షు కిటికీలోంచి విసిరేద్దామన్నంత కోపం వచ్చేది. ఇప్పుడు పాట వినబడకపోతే ఒంట్లో బాగాలేదా అని నేనే అడుగుతున్నాను.

పొద్దున్నే లేచి ప్రార్థన, చదువు, ఫాంటీ భాష పాఠం. తర్వాత బకెట్టు స్నానం, కరెంటు ఉంటే ఇస్త్రీ, లేకపోతే పరుపు కింద మడతపెట్టిన గౌన్లే గతి. ఆపైన చీకటి పడేదాకా నడక. ఇక్కడ ఎవరూ మొహం మీద తలుపు వేయరు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా శ్రద్ధగా విని, “చాలా బాగుందమ్మా, మళ్ళీ రండి” అంటారు. మళ్ళీ వెళ్తే మళ్ళీ మంచినీళ్ళిస్తారు. ఆదివారం మాత్రం ఎవరి గుడికి వాళ్ళు పోతారు. ఇలా ఊరందరి నీళ్ళూ తాగాం గానీ ఒక్కరిని కూడా బాప్తిస్మపు నీళ్ళలో ముంచలేకపోయామని నాకు లోపల ఉడుకుగా ఉండేది.

మామే బెన్సివా పరిచయం సిస్టర్ థేన్ జారిపడడంతో మొదలైంది. మామే అంటే ఇక్కడ అమ్మ. చేపలకి పొగబెట్టే మట్టిపొయ్యిలు వరసగా ఉన్న చోట, నేలంతా పొలుసులు. మా పిల్ల ఆ పొలుసుల మీద కాలు పెట్టి, గౌను, సంచి, గ్రంథాలు అన్నిటితో సహా వెల్లకిలా పడింది. పొగలోంచి ఓ భారీ మనిషి లేచి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా చూసింది.

“దేవుడి గురించి చెప్పడానికి వచ్చారంట, నిలబడడం చేతకాదు. రండి, కూర్చుని చెప్పండి.”

అలా కూర్చున్నవాళ్ళం వారం వారం కూర్చున్నాం. మామే బెన్సివా ఆ బజారుకి పెద్ద దిక్కు. ఆమె ఒక ధర చెప్పిందంటే అదే ధర, బేరం లేదు. ఒక మాట అన్నదంటే అదే మాట. ఆ సంగతి పడవల వాళ్ళకీ తెలుసు, అవతలి వరసలో పొయ్యిలు పెట్టుకున్న అరబాకి ఇంకా బాగా తెలుసు. అరబా, మామే చిన్నప్పటి నుంచీ పోట్లాడుకుంటున్నారు. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఆ రోజంతా చిరాగ్గా ఉంటారు.

పాఠాలు బాగానే సాగుతున్నాయి. మాకు సారా, పొగాకు, కాఫీ, టీ నిషిద్ధం. సిస్టర్ థేన్ తన ఫాంటీలో మెల్లగా అడిగింది.

“మామే, మీరు టీ తాగుతారా?”

“తాగకేం. పొద్దునొకటి, మాపొకటి. లేకపోతే చెయ్యి ఆడదు.”

ఇంకేం, సిస్టర్ థేన్ పని పెట్టుకుంది. కలిసి ప్రార్థనలు చేశాం, ధైర్యం చెప్పాం. మామే మొహం గంటు పెట్టుకుని, తల తిరుగుతోందని, ఒళ్ళు విరుచుకుపోతోందని తిడుతూనే మానేసింది. కొన్ని వారాలయ్యాక ఓ పొద్దున డబ్బా ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

“ఇంట్లో ఉంటే చెయ్యి లాగుతా ఉంది. మీరే పారేయండి.”

చూస్తే ఆకుపచ్చటి మైలో డబ్బా, పిల్లలు పాలలో కలుపుకునే చాక్లెట్ పొడి.

“మామే, ఇది మైలో కదా.”

“అవును. టీ.”

కప్పులో వేడిగా పోసుకునేది ఏదైనా ఇక్కడ టీయే. మా కలాబార్‌లో మాత్రం వేరేనా? నాకైనా తట్టాలి, తట్టలేదు. సిస్టర్ థేన్ చెవుల దాకా ఎర్రబడింది. మైలో తాగడం మాలో తప్పు కాదని నేను నసుగుతూ చెప్పాను. మామే డబ్బా వైపు చూసి, మా వైపు చూసింది.

“అంటే ఆయన అడగని ఉపవాసం మీరు నాచేత చేయించారు.”

“క్షమించండి మామే.”

“నాకెందుకు, ఆయనకే చెప్పుకోండి. ముందు ఆ డబ్బా ఇలా ఇచ్చి పొయ్యి మీద నీళ్ళు పెట్టు.”

ఇంత చిరాకు పడుతూ ఈమె మమ్మల్ని ఎందుకు రానిస్తోందో నాకు మొదట్లో అంతుపట్టలేదు. ఓ మధ్యాహ్నం చేపలు కోస్తూ తనే బయటపడింది.

“చచ్చిపోయినోళ్ళ సంగతేటి? నా మొగుడి సంగతేటి?”

సిస్టర్ థేన్ మొదలుపెట్టబోతే నేనే అందుకున్నాను. బాప్తిస్మం లేకుండా పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు మా ఆలయంలో వాళ్ళ పేరు మీద మునుగుతారు. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలని చావు కూడా విడదీయకుండా ముడి వేస్తారు. ముందు ఆమె బాప్తిస్మం తీసుకోవాలి, ఏడాది ఆగి రాజధాని అక్రాలో ఉన్న ఆలయానికి వెళ్ళాలి. అక్కడ ఎవరో ఒక కుర్రాడు ఆమె భర్త పేరు చెప్పుకుని మునుగుతాడు. ఆ తర్వాతే ముడి. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను.

మామే చేతిలో కత్తి ఆగిపోయింది.

“క్వమెనా సముద్రంలో పోయాడు. పడవ తిరగబడింది. శవం దొరకలేదు. పూడ్చడానికి కూడా ఏమీ ఇయ్యలేదు నాకు ఆ నీళ్ళు.” మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. “మీరు చెప్పేది అబద్ధమైతే ఇప్పుడే చెప్పేయండి. కోపం తెచ్చుకోను. తర్వాత తెలిస్తే మాత్రం తట్టుకోలేను.”

సిస్టర్ థేన్ ఏడుస్తోంది. నేను అబద్ధం కాదన్నాను. అంత గట్టిగా ఏ మాటా నా జన్మలో అనలేదు.

“మునగాలంటే ఎన్ని నీళ్ళు?”

“నడుం లోతు. కానీ మొత్తం మునగాలి మామే. తలతో సహా.”

ఆమె కత్తి కడుక్కుని లోపలికి పోయింది. సముద్రం ఒడ్డున బతుకుతూ కూడా క్వమెనా పోయిన దగ్గర్నుంచీ ఆమె సముద్రంలో కాలు పెట్టలేదని ఆ సాయంత్రం అరబా చెప్పింది. పడవలొచ్చినా పొడి ఇసక మీదే నిలబడి బేరం చేస్తుందట. స్నానం కూడా చెంబుతో మెడ దాకానే. మొహం తడిగుడ్డతో తుడుచుకోవడమే తప్ప నీళ్ళు పోసుకోదు. “మీ దేవుడు పొగలో దూకమంటే దూకేది. నీళ్ళంటారేటి పాపం,” అంది అరబా, ఎగతాళి మాటే, నవ్వు మాత్రం లేదు.

వారం రోజులు మామే మాకు కనబడకుండా తప్పించుకు తిరిగింది. తర్వాత ఆదివారం ఆరాధన అవుతుండగా గుడి గుమ్మంలో ప్రత్యక్షమైంది. అందరూ తిరిగి చూస్తున్నా లెక్కచేయకుండా మా దగ్గరికి నడిచొచ్చింది.

“ఒక్కటే మునక. నాకు ఉన్న ధైర్యం అంతవరకే. రెండోది అడిగారంటే లేచి ఇంటికి పోతాను, మళ్ళీ నా గుమ్మం ఎక్కొద్దు. ప్రార్థన ఫాంటీలో చెప్పాలి. ఏం ఒప్పుకుంటన్నానో నాకు తెలియాలి కదా. ముంచేవాడు ఆ ఎండుచేప కుర్రాడు.”

ఎండుచేప అంటే మా కుర్రాళ్ళిద్దరిలో ఎల్డర్ పిట్కిన్. కెనడా వాడు, గాలికి కొట్టుకుపోయేలా ఉంటాడు. ఆమె పెట్టిన కెంకీ అనే పులిసిన మొక్కజొన్న ముద్ద, మిరపకాయ పచ్చడి ఒక్క మెతుకు మిగల్చకుండా, కళ్ళ నీళ్ళు కారుతున్నా తినేవాడు. ఆమె దృష్టిలో మనిషికి అంతకన్నా అర్హత అక్కర్లేదు.

ఒక్కటే అంటే మాకు కష్టం. ఎందుకంటే మా పద్ధతి అలాంటిది. ప్రార్థనలో ఒక్క మాట తప్పినా మళ్ళీ ముంచాలి. కాలి బొటనవేలు పైకి తేలినా మళ్ళీ ముంచాలి. ఇద్దరు సాక్షులు గట్టు మీద నిలబడి అది చూడడానికే ఉంటారు. ఈ సంగతి మామేకి దాచకుండా చెప్పాను.

“అయితే సరిగ్గా చెప్పమను, సరిగ్గా ముంచమను. నేను మాత్రం చెప్పాను కదా, ఒక్కటే.”

ఇక మా భయమంతా పిట్కిన్ నోటి మీదే. ఫాంటీ అతని నోట్లో తిరగదు. పూర్తి పేరు ‘ఎకువా బెన్సివా’ అనాలి, అతను అంటే అదేదో కెనడా ఊరి పేరులా వినబడేది. రోజూ పొద్దున గుడి ఆవరణలో ఇటు చివర మేం, అటు చివర కుర్రాళ్ళు నిలబడి సాధన చేశాం. అతని జంట కుర్రాడు పాపం గడ్డిలో పడీ లేచీ చొక్కాలు పాడుచేసుకున్నాడు.

“ఎల్డర్, నోట్లో బంగాళాదుంప పెట్టుకున్నావా?” అన్నాను ఓ రోజు విసుగొచ్చి.

“బంగాళాదుంపని ఏమీ అనకు,” అంది సిస్టర్ థేన్ నిజంగానే చిన్నబుచ్చుకుని.

పిట్కిన్ నడుస్తూ గొణిగాడు, బట్టలు ఉతుకుతూ గొణిగాడు. రోడ్డు మీద మేకలు కూడా ఆ ప్రార్థన నేర్చేసుకుని ఉంటాయి. చివరికి ఓ రోజు తడబడకుండా చెప్పేశాడు. మేం చప్పట్లు కొట్టాం, అతను సిగ్గుపడ్డాడు.

బాప్తిస్మం పెట్టుకున్న శనివారం పొద్దున కుళాయి చేతులెత్తేసింది. గుడి వెనక పలకలు పరిచిన తొట్టి ఉంది, అటూ ఇటూ మెట్లు, మెట్ల పక్కన ఇనుప కమ్మీ. తొట్టిలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాయి. మా సంఘం పెద్ద ప్రెసిడెంట్ ఆర్హిన్ కుళాయి తిప్పి చూసి, తట్టి చూసి, ఆకాశం వైపు చూశాడు. వచ్చే వారానికి వాయిదా వేద్దామా అని గొణిగాడు. వచ్చే వారం దాకా మామే ధైర్యం నిలుస్తుందా? నేను అప్పటికే బకెట్టు అందుకున్నాను. వీధి చివర బావికీ తొట్టికీ మధ్య సిస్టర్ థేన్, నేను పరుగులు పెడుతుంటే ఎదురుగా బజారు ఆడవాళ్ళు మందగా వచ్చారు. ముందు అరబా.

“ఏటి పిల్లలూ, ఈ లెక్కన నింపితే వచ్చే ఏడు మునుగుతుంది.”

“వస్తే ఒక చెయ్యి వెయ్యండి, లేకపోతే దారివ్వండి,” అన్నాను. నాకు ఓపిక లేదు.

అరబా నా వైపు మెచ్చుకోలుగా చూసి, వెనక్కి తిరిగి ఓ కేక పెట్టింది. చేపల గంగాళాలన్నీ వచ్చాయి. ఒకళ్ళ వెనక ఒకళ్ళు తలల మీద నీళ్ళు మోస్తూ, దారి పొడుగునా మామేని ఎగతాళి చేస్తూనే తొట్టి నింపేశారు. వాళ్ళంతా మెథడిస్టులనే వేరే క్రైస్తవ సంఘం వాళ్ళే, మా గుడి గడప ఎప్పుడూ తొక్కనివాళ్ళు. “మునుగుతుందో మునగదో మా కళ్ళతో చూడాలి. నీళ్ళు లేక ఆగిపోయిందని రేపు సాకు చెప్పకూడదు,” అంది అరబా చెమట తుడుచుకుంటూ.

తెల్లటి పొడుగు గౌనులో మామే బయటికి రాగానే అరబా ఊరుకోలేదు.

“చిన్నప్పుడు మన గుళ్ళో బాప్తిస్మమని నెత్తిన నాలుగు చుక్కలు పడ్డాయి కదే, ఆరిపోయాయా?”

“ఆరలేదు. తడి సరిపోలేదు.”

అందరూ నవ్వారు. మామే మాత్రం నవ్వలేదు. ఆమె పెదాలు తెల్లబడి ఉన్నాయి.

తొట్టికి కుడివైపు ప్రెసిడెంట్ ఆర్హిన్, ఎడమవైపు నేను సాక్షులం. ఆడవాళ్ళు సాక్షులుగా నిలబడడం మా సంఘంలో ఈమధ్యే వచ్చింది. కలాబార్‌లో మా అమ్మకి దక్కని పని అది. పొద్దున్నుంచీ నా తల కొంచెం ఎత్తుగానే ఉంది. ఎల్డర్ పిట్కిన్ నీళ్ళలో దిగి చెయ్యి చాచాడు. మామే ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. నీళ్ళు నడుం దాకా వచ్చేసరికి ఊపిరి పెద్దగా తీస్తోంది, ఆ చప్పుడు గట్టు మీద ఉన్న మా అందరికీ వినబడుతోంది. పిట్కిన్ కుడిచెయ్యి పైకెత్తాడు. ‘ఎకువా బెన్సివా’ అన్నాడు. బ్రహ్మాండంగా అన్నాడు. సిస్టర్ థేన్ నోరు అతనితో పాటే కదులుతోంది, ప్రెసిడెంట్ కళ్ళు మూసుకుని వింటున్నాడు, ఆడవాళ్ళందరూ అతని పెదాలకే కళ్ళప్పగించారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ, ఒక్క మాట పోలేదు. ఆమేన్ అన్నాడు. మామేని వెనక్కి వాల్చాడు. నీళ్ళు ఆమె మొహం మీద కలుసుకున్నాయి. లేపాడు.

ఊరు దద్దరిల్లింది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు, గంగాళాలే డప్పులయ్యాయి. పిట్కిన్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. ప్రెసిడెంట్ తృప్తిగా తలూపి నా వైపు చూశాడు. నేను తలూపితే అయిపోతుంది.

నేను ఊపలేదు. మామే ఎడమచెయ్యి ఇంకా ఇనుప కమ్మీని పట్టుకునే ఉంది. ఆ చెయ్యి పిట్కిన్ మణికట్టు పట్టుకోవాలి. వెనక్కి వాలే క్షణంలో అది అతన్ని వదిలేసి కమ్మీని అందుకుంది. ఆమె మొత్తం మునిగింది, ఆ చెయ్యి మునగలేదు. మోచేతి నుంచి వేళ్ళ దాకా పొడిగా, నా కాళ్ళ దగ్గర, నాకొక్కదానికే కనబడేలా ఉంది.

చూడకపోయి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. నాకు భయం వేసింది, ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది. ఇంత నీళ్ళు మోసి, ఇంత దూరం తీసుకొచ్చి, ఇప్పుడు కాదంటే ఆమె లేచి వెళ్ళిపోతుంది. క్వమెనాతో ముడి పడదు. అంతా ఒక్క చెయ్యి కోసం. తలూపేస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ అబద్ధమైతే చెప్పేయండి అని ఈ మనిషే నన్ను అడిగింది. ఆమె ముడిలో మొదటి పోగు నా అబద్ధం కాకూడదు.

“కాలేదు,” అన్నాను.

పాటలో ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచాను. “కాలేదు. చెయ్యి బయట ఉండిపోయింది.”

పాట ముక్కలు ముక్కలుగా ఆగింది. సిస్టర్ థేన్ నా మోచెయ్యి పట్టుకుని “ఎకానెం” అని మాత్రం అంది, అది బతిమాలడమో తోడు నిలవడమో నాకు తెలియలేదు. పిట్కిన్ మొహంలో నెత్తురు లేదు. అరబా ముందుకొచ్చింది.

“ఇదేటి న్యాయం? ముసలిది మునిగింది, మేమందరం చూశాం. బెన్సివా, బయటికి రాయే. ఒక్కటే అన్నావు. నీ మాట ఒక్కటే మాట కదా.”

మామే నన్నే చూస్తోంది. జుట్టులోంచి నీళ్ళు కారి కళ్ళలో పడుతున్నా తుడుచుకోవడం లేదు.

“ఏ చెయ్యి?”

“ఎడమది మామే.”

ఆమె తల తిప్పి కమ్మీ మీద ఉన్న తన చెయ్యి చూసుకుంది. నిజంగానే ఆశ్చర్యపోయింది, తను పెట్టినట్టు ఆమెకే తెలియదు. వేళ్ళు విడదీయబోయింది. అవి రాలేదు.

“క్వమెనాతో పాటు వెళ్ళిన పడవలోళ్ళు చెప్పారు నాకు,” అంది మెల్లగా. “చివరికి చెయ్యొక్కటే పైన కనబడిందంట. ఊపుతా ఉందంట. అందుకునేంత దగ్గరగా ఎవరూ లేరంట. ఇన్నేళ్ళూ ఆ మాటే తింటా, ఆ మాటే తాగుతా ఉన్నాను. నేను మునిగితే చెయ్యైనా బయట ఉండాలని దీనికి ఎవరు చెప్పారో.”

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ చెయ్యి పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే మళ్ళీ బయటే ఉండిపోతుంది.

“మిమ్మల్ని రెండోది అడగను మామే,” అన్నాను. “ఒక్కటే అన్నారు. మీరు ఇంటికి పోయినా నాకు మీ మీద గౌరవం తగ్గదు. కాలేదన్నది మాత్రం నిజం.”

“నిజమే చెప్పావు.” మామే ముక్కు ఎగబీల్చింది. “చెప్పకపోతే నిన్ను నమ్మేదాన్ని కాదు.”

“రాయే,” అంది అరబా మళ్ళీ. ఈసారి గొంతులో వెక్కిరింపు లేదు. “చలి పట్టేస్తుంది. మాటంటే మాటే కదా నీకు.”

“మాట నాది. ఇచ్చింది నేను, వెనక్కి తీసుకునేదీ నేనే. నువ్వు నోర్ముయ్.”

ఒక్కో వేలూ కుడిచేత్తో ఊడదీసింది. బొటనవేలు ఆఖరున వదిలింది. ఆ చేతిని పిట్కిన్ చేతిలో పెట్టింది.

“ఎండుచేపా, పట్టుకో. నేను వదలమన్నా వదలకు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు, నా పేరు ఇందాకటంత బాగా పలకాలి.”

అతను పలికాడు. ఒక్క అక్షరం పోలేదు. ఈసారి అతను వాల్చక ముందే ఆమె తనంతట తానే వెనక్కి వాలింది, తెప్పని నీళ్ళలోకి తోసినట్టు. తల, భుజాలు, చేతులు, పాదాలు అన్నీ లోపలికి వెళ్ళాయి. నీళ్ళ మీద తెల్లటి గుడ్డ అంచు కూడా లేదు. నేను ఒంగి ఒంగి చూశాను. మునిగింది, మొత్తం మునిగింది. పిట్కిన్ లేపబోయాడు. ఆమె లేవలేదు. అతను కంగారుగా నా వైపు చూశాడు. నీళ్ళ కింద ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, అటూ ఇటూ చూస్తున్నాయి, పోగొట్టుకున్నదేదో ఉందేమోనని వెతికినట్టు. అప్పుడు తనే లేచింది. పడవ ఇసకకి తగిలినప్పుడు జాలరులు పెట్టే కేక ఒకటి పెట్టింది, గుడి రేకులు మోగాయి.

“అయింది,” అన్నాను నేను, ఎవరూ అడగకముందే. ప్రెసిడెంట్ కూడా అయిందన్నాడు. సిస్టర్ థేన్ నన్ను కౌగిలించుకుని గెంతుతోంది, నేనూ గెంతుతున్నాను, ఇంత సంతోషం నా ఒంట్లో ఎక్కడ పడుతుందో నాకు తెలియలేదు.

మామే మెట్లెక్కి నా ముందు ఆగింది.

“ఇందాకటిది ఆయనది. చెయ్యి పైనే ఉంది చూడు, అచ్చం అలాగే. అది క్వమెనా మునక. ఇది నాది.”

ప్రెసిడెంట్ ఆర్హిన్ తొట్టి చుట్టూ తిరిగొచ్చి నా పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. అలా కుదరదని, అక్రా ఆలయంలోనే జరగాలని, ఏడాది ఆగాలని, ఆయన పేరు మీద వేరే మగవాడు మునగాలని, అన్నీ ఆయన నోటి చివర ఉన్నాయి. అవన్నీ నిజాలే. అవే పాఠాలు ఆమెకి నేర్పింది నేనే. ఏడాది తర్వాత అక్రాలో అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి, అప్పటికి నా సేవ ముగిసి నేనుండను గానీ జరుగుతాయి.

“అది కాదు మామే, ఆయనకి…” అని మొదలుపెట్టాడు.

నేను ప్రెసిడెంట్ కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను.

ఈ దేశంలో ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, ఎవరికీ ఊపకూడదు. పసిపిల్లలు ఊపినా తల్లులు చెయ్యి మీద కొడతారు. మామే బెన్సివా బజారు ఆడవాళ్ళ వైపు తిరిగి తడిసిన ఆ ఎడమచేతినే తలకంటే పైకెత్తి ఊపింది. ఓ క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత అరబా తన ఎడమచెయ్యి ఎత్తింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు బజారంతా ఎత్తారు.